వరంగల్ నుంచి లావా నేల మీదికి: చలికాలంలో ఆదిలాబాద్ గుట్టల్లో నాలుగు రోజుల కారు ప్రయాణం

గుడిహత్నూర్ దగ్గర ఇంద్రవెల్లి వైపు తిరిగి కాస్త దూరం పోయాక మా మేనమామ కారు ఆపమన్నాడు. డిసెంబరు నెల, ఉదయం తొమ్మిది దాటింది, పత్తి చేల మీద మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. చేను గట్టు మీద నుంచి ఇంత మట్టి తీసుకుని, సీసాలో నీళ్లు కొద్దిగా పోసి పిసికి, ఆ నల్లటి ముద్ద నా చేతిలో పెట్టాడు. "ఇది ఒకప్పుడు నిప్పుల్లా పారిన రాయిరా" అన్నాడు. అంతకుముందు ఆ రోడ్డున పదిసార్లు పోయుంటాను. కింద ఏముందో ఒక్కసారీ చూడలేదు.

ఆ రోజు నుంచి దాదాపు ప్రతి చలికాలం ఈ దారిన పోతున్నాను. ఎలా పోవాలి, ఎక్కడ ఆగాలి, ఏం చూడాలి అని అడిగే వాళ్ల కోసం ఒక్కో మెట్టుగా రాస్తున్నాను. ఒక విషయం ముందే చెప్పాలి. ఇక్కడ పొగ కక్కే కొండ ఉండదు, శిఖరం మీద గుంత ఉండదు. ఈ లావాను మట్టిలో, పంటలో, గుట్ట ఆకారంలో, రోడ్డు కోసం కోసిన గట్టులో చదువుకోవాలి. అది చదవడం వస్తే ఈ ప్రయాణం ఎప్పటికీ మరిచిపోరు. రాకపోతే నాలుగు రోజులు డ్రైవింగ్ చేసి అలసిపోయి వస్తారు.

బయలుదేరే ముందు: అసలు జరిగిందేమిటి

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి భారతంలో నేల పొడవాటి పగుళ్లుగా విచ్చుకుంది. ఆ పగుళ్ల నుంచి లావా వరదలా పొంగింది. ఒకసారి పొంగి, చల్లారి, గట్టిపడి, దాని మీద మళ్లీ ఇంకో పొర. ఇలా కొన్ని లక్షల ఏళ్ల పాటు సాగింది. ఇప్పటికీ మిగిలి ఉన్నది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల వైపు ఈ పొరల మందం కొన్ని చోట్ల రెండు కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. డైనోసార్లు అంతరించిన కాలమూ ఇదే. దానికి అప్పుడే భూమిని ఢీకొన్న ఉల్క ఎంత కారణం, ఈ లావా ఎంత కారణం అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

వీటిని దక్కన్ ట్రాప్స్ అంటారు. స్వీడిష్ భాషలో ట్రాపా అంటే మెట్లు. పొర మీద పొరగా ఉన్న గుట్టలు దూరం నుంచి మెట్లలా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. ఈ లావా దుప్పటికి తూర్పు అంచు మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. దక్షిణాన వికారాబాద్, జహీరాబాద్ వైపు కూడా కనిపిస్తుంది. ఇంకా దూరాన, రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతంలోనూ ఇదే కాలం నాటి లావా ఉంది. అది పాత నదీ లోయల వెంట పారి సముద్రం దాకా చేరిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. రాయి నదిలా పారి అంత దూరం పోయిందంటే ఆలోచించండి.

మన వరంగల్ మాత్రం ఈ దుప్పటి కింద లేదు. మనది గ్రానైట్ నేల, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. అందుకే ఈ ప్రయాణానికి వరంగల్‌ను మించిన ఆరంభం లేదు. తేడా తెలియాలంటే ముందు మనది మనకు తెలియాలి కదా.

ఎప్పుడు పోవాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు. వానాకాలంలో జలపాతాలు బాగుంటాయి కానీ గడ్డి, పొదలు గుట్టల మీది మెట్లను కప్పేస్తాయి. ఎండాకాలంలో ఆదిలాబాద్ వైపు కారు దిగలేం. డిసెంబరులో గడ్డి ఎండి పసుపు రంగులోకి వస్తుంది, గుట్టల మీద ఒక్కో లావా పొర అంచు గీత గీసినట్టు బయటపడుతుంది. పొద్దున ఏటవాలు వెలుగులో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

చలిని తేలిగ్గా తీసుకోకండి. రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువగా వణికేది ఈ ప్రాంతమే. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలు, కొన్ని రోజులు 5 డిగ్రీల దగ్గరికీ వస్తుంది. హనుమకొండ చలికి సరిపోయే స్వెటర్ అక్కడ సరిపోదు. ఒక్కొక్కరికి మందపాటి జాకెట్, మఫ్లర్, సాక్సులు, కారులో రెండు చెద్దర్లు ఉండాలి. చిన్న పిల్లలుంటే చెవులు కప్పే టోపీ మరవద్దు.

కుదిరితే పుష్య అమావాస్య తేదీ చూసి పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే ఆ అమావాస్య నాడు కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. ఆ రోజుల్లో దారి మీద రద్దీ ఎక్కువ, లాడ్జీల్లో గదులు దొరకవు. జాతర చూడాలనుకుంటే ఆ లెక్కన పోండి, రాళ్లు చూడాలనుకుంటే దానికి ఒక వారం అటో ఇటో పోండి. రెండూ ఒకే ట్రిప్‌లో పెట్టుకుంటే రెండూ సరిగా చూడలేం. నేను ఒక ఏడాది అలా చేసి ఏదీ తృప్తిగా చూడకుండానే వచ్చాను.

కారు, సామాను

కారు ఏదైనా ఫరవాలేదు, పెద్ద బండి అక్కర్లేదు. నాలుగు టైర్లు, స్టెప్నీ గాలి చూపించుకోండి. చల్లటి ఉదయాల్లో గాలి కాస్త తగ్గినట్టు చూపిస్తుంది కాబట్టి బండి నడవకముందే కొలిపించాలి. బ్యాటరీ మూడేళ్లు దాటితే ఒకసారి చెక్ చేయించండి, చలికి ముందు మొండికేసేది అదే. వైపర్లు, లైట్లు, లోపలి అద్దం మీద ఆవిరి పోగొట్టే బ్లోయర్ పని చేస్తున్నాయో లేదో చూసుకోండి.

దీంతోపాటు ఒక చిన్న సంచీ సర్దండి. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంచీ అది. అందులో ఉండాల్సినవి: ఒక భూతద్దం, దారం కట్టిన చిన్న అయస్కాంతం, నీళ్ల సీసా, పాత టూత్‌బ్రష్, నోటుబుక్కు, ఇంటి దగ్గర దొరికిన ఒక గ్రానైట్ ముక్క. ఆ ముక్కను ఎందుకు మోసుకెళ్లాలో రెండో రోజు తెలుస్తుంది. సుత్తి మాత్రం వద్దు. మీరు పోయే దారిలో చాలా భాగం అడవి, అందులో కవ్వాల్ పులుల అభయారణ్యం కూడా ఉంది. అక్కడ రాయి కొట్టడం, ఏరుకుని తెచ్చుకోవడం చేయకూడదు. రోడ్డు కోసిన గట్టు మీద చూడటానికి కావలసినంత ఉంటుంది.

మొదటి రోజు: గ్రానైట్‌ను కళ్లకు అలవాటు చేయడం

హనుమకొండలో పొద్దున వేయిస్తంభాల గుడికి వెళ్లి ఒక అరగంట గడపండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ గుడిలో అద్దంలా మెరిసే నల్లరాతి నందిని, స్తంభాలను చూడండి. కాకతీయ శిల్పులు నగిషీలకు ఎంచుకున్న నల్లరాయి చాలావరకు డోలరైట్. రామప్ప గుడిలో, 1213 నాటి ఆ శిల్పాల్లో కనిపించేదీ అదే. గ్రానైట్ పగుళ్లలోకి కింది నుంచి శిలాద్రవం ఎక్కి, బయటికి రాకుండా నేల లోపలే చల్లారితే డోలరైట్ అవుతుంది. అంటే మన ఊళ్లోనూ నిప్పు రాయి ఉంది, కానీ అది దక్కన్ లావా కంటే ఎంతో పాతది, పైగా నేల పైకి పారనిది. సన్నటి రేణువులు, గట్టితనం ఉండటం వల్లే ఈ రాయిలో శిల్పి ఉలికి అంత సన్నటి నగిషీ లొంగింది. ఇక్కడ కళ్లతోనే చూడండి, అయస్కాంతం సంచీలోనే ఉండాలి.

తర్వాత 563వ నంబరు జాతీయ రహదారి మీద హుజూరాబాద్, కరీంనగర్, జగిత్యాల. కరీంనగర్ చేరేలోపు, దాటాక కూడా రెండు వైపులా గుట్టలను గమనిస్తూ పోండి. గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, ఎప్పుడు దొర్లిపోతాయో అన్నట్టు. గ్రానైట్ లక్షణం అది. నిలువు, అడ్డం పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగి గుండ్రంగా అవుతుంది. కరీంనగర్ చుట్టూ క్వారీల్లో కోసిన దిమ్మెలు లారీల మీద పోతుంటాయి, ఈ రాయి విదేశాలకూ ఎగుమతి అవుతుంది. చాయ్ కోసం ఎక్కడో ఒక చోట ఆగుతారు కదా, అప్పుడు పక్కన పడి ఉన్న రాయిని తడిపి భూతద్దంతో చూడండి. తెల్లవి, గులాబీవి, గాజులా మెరిసేవి, నల్ల చుక్కలు, విడివిడిగా కనిపిస్తాయి. నేల లోతుల్లో చాలా నెమ్మదిగా చల్లారింది కాబట్టి ఒక్కో ఖనిజం పెద్దగా పెరగడానికి తీరిక దొరికింది.

ఇంకో రెండు గమనించండి. మట్టి ఎర్రగా, ఇసుకగా ఉంటుంది, మనం చెల్క అనేది. అడుగడుగునా చెరువు. గ్రానైట్ నేలలో నీళ్లు లోపలికి ఎక్కువ ఇంకవు, గుట్టల మధ్య కట్ట వేస్తే నిలుస్తాయి. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టింది ఈ లెక్క తెలిసే. నోటుబుక్కులో "ఎర్ర మట్టి, చెరువు, వరి, గుండ్రటి బండ" అని రాసి పెట్టుకోండి. ఎల్లుండి ఈ నాలుగింటికీ జవాబు రాస్తారు.

జగిత్యాల నుంచి ఖానాపూర్ మీదుగా నిర్మల్ చేరి అక్కడే పడుకోండి. సాయంత్రం వెలుగు ఉంటే కొయ్యబొమ్మలు చేసే చోటికి వెళ్లండి. పొనికి కర్రతో చేసే ఆ బొమ్మలు చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. హనుమకొండ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు అయింది కాబట్టి మొదటి రోజుకు అంత చాలు.

పొగమంచులో నడపడం గురించి, కాస్త వివరంగా

రెండో రోజు ఉదయం నిర్మల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. ఏడున్నర, ఎనిమిది కంటే ముందు బయలుదేరకండి. నాగపూర్ వైపు పోయే లారీలతో ఈ రోడ్డు ఎప్పుడూ బిజీగా ఉంటుంది, పొగమంచు ఉన్న పూట ముందు లారీ వెనక లైటు కూడా దగ్గరికి పోయాక గానీ కనిపించదు.

మంచులో లైటు ఫుల్ మీద పెడితే వెలుగంతా మంచుకు తగిలి మన కళ్లలోనే పడుతుంది. లో బీమ్ మీదే ఉంచండి, ఫాగ్ లైట్లు ఉంటే వేయండి. నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడిపే అలవాటు చాలామందికి ఉంది, అది తప్పు. మీరు ఆగారో, తిరుగుతున్నారో వెనక వాడికి తెలియదు. ఎడమ గీతను చూస్తూ పోండి. మరీ కనిపించకపోతే రోడ్డు పక్కన కాదు, దాబా ఆవరణలోకో పెట్రోలు బంకులోకో పూర్తిగా లోపలికి తీసుకెళ్లి ఆపండి. ఒకసారి మేం రోడ్డు వారనే ఆపి టీ తాగుతుంటే ఒక లారీ మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. అద్దమే పోయింది కాబట్టి సరిపోయింది, మా ఆవిడ అప్పుడే డోర్ తీయబోతోంది. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చీకటి పడ్డాక ఇంకో ప్రమాదం పత్తి ట్రాక్టర్లు. ఈ కాలంలో పత్తి అమ్మకానికి మార్కెట్లకు పోతూ ఉంటుంది. ట్రాలీ నిండా, పక్కలకు పొంగేలా నింపుతారు, వెనక లైటు ఉండదు, ఉన్నా కనిపించదు. ఎడ్ల బండ్లూ అంతే. అందుకే ఈ నాలుగు రోజుల్లో ఏ రోజూ సాయంత్రం ఆరు తర్వాత నడపకూడదని మా ఇంట్లో కట్టడి.

రెండో రోజు: ఘాట్ ఎక్కడం

నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ వస్తుంది. ఈ ప్రయాణంలో గుండెకాయ లాంటి చోటు ఇది. పాత ఘాట్ రోడ్డు మీదుగా పోతే మలుపుల దగ్గర ఆగి చూడటానికి వీలుంటుంది. ఎక్కేటప్పుడు తక్కువ గేర్‌లో నిదానంగా ఎక్కండి, దిగేటప్పుడూ అదే గేర్, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి. ఇరుకు చోట ఎదురైతే ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మలుపు ముందు హారన్ కొట్టండి.

ఘాట్ కింద గ్రానైట్ నేల. పైకెక్కే కొద్దీ నల్లరాయి మొదలవుతుంది. పాత నేల మీద లావా వచ్చి పరుచుకున్న హద్దును కారులో కూర్చుని దాటుతున్నారన్న మాట. దాటుతున్నది చిన్న హద్దు కాదు. కింద 250 కోట్ల ఏళ్లు, పైన 6.6 కోట్ల ఏళ్లు. మధ్య కాలమంతా ఈ చోట రాతిలో రాసి లేదు.

బండి సురక్షితంగా ఆపే చోటు చూసుకుని దిగండి. ఇప్పుడు ఇంటి నుంచి తెచ్చిన గ్రానైట్ ముక్క బయటికి తీయండి. రోడ్డు పక్కన రాలిన నల్లరాయి ఒకటి పట్టుకుని వరసగా ఇలా చూడండి.

ముందు రెండు చేతుల్లో రెండు రాళ్లు. ఒకే సైజువి అయితే నల్లది బరువుగా అనిపిస్తుంది. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. తర్వాత టూత్‌బ్రష్‌తో మట్టి పోగొట్టి, తడిపి భూతద్దంతో చూడండి. గ్రానైట్‌లో లాగా గింజలు విడిగా కనిపించవు, అంతా ఒకటే నల్లటి ముద్ద. గాలికి త్వరగా చల్లారితే స్ఫటికాలు పెరగడానికి సమయం ఉండదు. పైన తుప్పు రంగు తొక్క ఉంటే అది ఇనుము చేసిన పని. చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే అవి లావాలోని వాయువు బుడగలు. కొన్ని రంధ్రాల్లో తెల్లటి ఖనిజం పేరుకుని ఉంటుంది, జియొలైటో క్వార్ట్జో. చివరగా దారానికి కట్టిన అయస్కాంతాన్ని రాయికి చాలా దగ్గరగా వేలాడదీయండి. లావా చల్లారి ఏర్పడిన ఈ నల్లరాయిని బసాల్ట్ అంటారు, అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి కొన్ని రాళ్ల దగ్గర అది కొద్దిగా కదులుతుంది. గ్రానైట్ ముక్క దగ్గర సాధారణంగా అలాగే నిలిచిపోతుంది. మా పిల్లలకు అన్ని జలపాతాల కంటే ఈ అయస్కాంతం ఆటే ఎక్కువ నచ్చింది. పని అయ్యాక నల్లరాయిని దొరికిన చోటే వదిలేయండి.

రోడ్డు కోసం కోసిన గట్టు దొరికితే పది నిమిషాలు ఇవ్వండి. రాయి ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడి, నడుమ గట్టి గుండు మిగిలి ఉంటుంది. బసాల్ట్ పగుళ్ల వెంట నీరు దిగి అన్ని వైపుల నుంచీ కొరికితే అలా అవుతుంది. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య ఎర్రటి మట్టి గీత కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి. ఒక లావా చల్లారి, అది మట్టిగా మారేంత కాలం గడిచి, మళ్లీ ఇంకో లావా వచ్చి కప్పితే ఆ ఎర్ర గీత మిగులుతుంది.

ఆ మధ్య కాలాల్లో ఇక్కడ చెరువులు, నీటి మడుగులు ఉండేవి. 1830లలో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు నిర్మల్, ఉట్నూర్ గుట్టల్లో లావా పొరల మధ్య చిక్కుకున్న మంచినీటి నత్తల శిలాజాలను గుర్తించి లోకానికి చెప్పాడు. రెండు అగ్ని వరదల మధ్య నత్తలు పాకిన నేల ఇది. నాకు ఈ గుట్టల్లో అన్నిటికన్నా మనసును పట్టేసేది ఆ నత్తల సంగతే.

ఘాట్ దాటి నేరడిగొండ చేరాక కుంటాల జలపాతానికి పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోవాలి. కడెం వాగు మీద సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. కిందికి దిగడానికి నాలుగు వందల వరకు మెట్లు ఉన్నాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పైనుంచే చూడండి. చలికాలంలో నీళ్లు తగ్గి రాయి బయటపడుతుంది, అది మనకు మేలే. ఇక్కడ ఒక జాగ్రత్త చెబుతాను. నీళ్లు పారే చోట పాచి, తడి వల్ల ఏ రాయైనా నల్లగానే కనిపిస్తుంది. నల్లగా ఉంది కదా అని లావా అనుకోవద్దు. కొత్తగా విరిగిన అంచు వెతికి, గింజలు కనిపిస్తున్నాయో లేదో చూసి మీరే తేల్చుకోండి. గుండంలోకి మాత్రం దిగకండి. నీళ్లు తక్కువున్నట్టు కనిపించినా సుడులు ఉంటాయి, రాయి జారుతుంది, ఇక్కడ ప్రాణాలు పోయాయి.

దగ్గర్లోని పొచ్చెర జలపాతం చిన్నది, వెడల్పుగా ఉంటుంది, మెట్ల బాధ తక్కువ. టైం ఉంటే చూడండి, లేకపోతే వదిలేయండి. రాత్రి ఆదిలాబాద్‌లో బస. ఫోన్‌లో బుక్ చేసినా అదే రోజు పొద్దున మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి. ఒకసారి మేం చేరేసరికి మా గది ఇంకొకరికి ఇచ్చేశారు. రాత్రి ఎనిమిదింటికి పిల్లలతో, ఆ చలిలో ఇంకో లాడ్జీ వెతుక్కోవడం మామూలు టెన్షన్ కాదు.

మూడో రోజు: లావా మీద బతుకు

ఆదిలాబాద్‌లో పెట్రోలు ట్యాంకు నిండా పోయించుకుని, వెనక్కి గుడిహత్నూర్ వచ్చి ఇంద్రవెల్లి, ఉట్నూర్ దారి పట్టండి. ఇక నుంచి ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

ఈ దారిలో నేను మొదట చెప్పిన మట్టి పరీక్ష చేయండి. రైతు కనిపిస్తే అడిగి, గట్టు మీది మట్టి పిడికెడు తీసుకుని తడిపి, అరచేతుల మధ్య తాడులా నలపండి. మన చెల్క మట్టి అలా నలిపితే విరిగిపోతుంది. ఈ రేగడి సన్నటి తాడులా సాగుతుంది, వంచినా విరగదు. బసాల్ట్ శిథిలమైతే వచ్చే బంకమట్టి ఇది. నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగులుతుంది. నేను మట్టి పిసుకుతుంటే ఒక పెద్దాయన వచ్చి, "గిది ఎండకాలం సూడాలె సార్, నోరు తెరుస్తది. చెయ్యి పెడితే మోచేతి దాంక పోతది" అన్నాడు. వానాకాలం అయితే ఎడ్లు కూడా దిగబడతాయట.

ఈ మట్టి తేమను చాలా కాలం పట్టి ఉంచుతుంది. అందుకే వానలు పోయిన తర్వాత కూడా పత్తి, కంది, యాసంగి జొన్న నిలబడతాయి. నోటుబుక్కు తీసి మొన్నటి నాలుగు మాటల పక్కన రాయండి: నల్ల మట్టి, చెరువు అరుదు, పత్తి, జొన్న, బల్లపరుపు గుట్ట. నిజాం కాలంలోనూ ఈ తేడా అందరికీ తెలిసిందే. గ్రానైట్ ఉన్న తెలంగాణ చెరువులు, వరితో బతికింది. లావా ఉన్న మరాఠ్వాడా పత్తి, జొన్న, గోధుమతో బతికింది. తినే రొట్టె, అన్నం కూడా రాయి నిర్ణయించిందే. మధ్యాహ్నం ఎక్కడైనా వేడి జొన్నరొట్టె దొరికితే తప్పకుండా తినండి.

ఒక మెలిక ఉంది. మన వరంగల్‌లోనూ చెరువు మట్టి నల్లగా ఉంటుంది, అక్కడక్కడా నల్లరేగడి చేలూ ఉన్నాయి. అది లావా వల్ల వచ్చింది కాదు. అందుకే మట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మట్టి, పక్కన పడి ఉన్న రాయి, గుట్ట ఆకారం, మూడూ ఒకటే మాట చెబితేనే నమ్మండి. గుట్ట తల బల్లలా చదునుగా ఉండి, వాలు మీద అడ్డగీతలు మెట్లలా దిగుతుంటే లావా పొరలే.

ముత్నూర్ దగ్గర నుంచి లోపలికి తిరిగితే కేస్లాపూర్ నాగోబా గుడి. జాతర లేని రోజుల్లో చాలా ప్రశాంతంగా ఉంటుంది. మెస్రం వంశపు గోండులు హస్తినమడుగు దగ్గర గోదావరి నుంచి కాలినడకన తెచ్చే నీళ్లతో ఇక్కడ పూజ చేస్తారు. చెప్పులు ఎక్కడ విడవాలి, ఎక్కడి దాకా పోవచ్చు అన్నది అక్కడి వాళ్లను అడిగి నడుచుకోండి. ఫొటో తీసేముందు కూడా అడగాలి. మనం వాళ్ల ఇంటికి వచ్చిన చుట్టాలం. ఇంద్రవెల్లిలో 1981 పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసుల స్తూపం రోడ్డుకు దగ్గరే ఉంటుంది. ఒక నిమిషం దిగి నిలబడి కదలండి.

ఉట్నూర్ దాటి జైనూర్ పోతే పక్కనే మార్లవాయి. గోండుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ ఉన్న ఊరు, ఆయన భార్య బెట్టీ సమాధి ఇక్కడే ఉంది. జైనూర్ మండలంలోని ఉషేగాంలో ఓజా కళాకారులు మైనంతో నమూనా చేసి, మట్టి పూసి, కాల్చి, కరిగిన లోహం పోసి డోక్రా బొమ్మలు తీస్తారు. ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరిగిన రాయి గట్టిపడ్డ నేల మీద కూర్చుని కరిగిన లోహాన్ని బొమ్మగా గట్టిపరిచే మనుషులు వాళ్లు. కొనాలనుకుంటే వాళ్ల దగ్గరే కొనండి, బేరం మరీ గట్టిగా ఆడకండి.

తర్వాత కెరమెరి ఘాట్. మెలికలు తిరిగే ఈ రోడ్డు నాకు మహబూబ్ ఘాట్ కంటే అందంగా అనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు లోపు ఇక్కడికి చేరేలా చూసుకోండి. ఎదుటి గుట్టల మీద అడ్డగీతలు లెక్కపెట్టండి, ఒక్కో గీత ఒక్కో లావా పారుదలకు గుర్తు. కొన్ని చోట్ల రాయి నిలువు స్తంభాలుగా చీలినట్టు కనిపించవచ్చు. మందమైన లావా చల్లారుతూ ముడుచుకున్నప్పుడు అలా చీలుతుంది, ఎండిన చెరువు మట్టి పలకలుగా పగిలినట్టే. హట్టి దగ్గర నుంచి జోడేఘాట్‌కు దారి ఉంది. 1940లో కుమ్రం భీం నేలకొరిగిన చోటు అది, స్మారకం, మ్యూజియం ఉన్నాయి. దానికి పూట పడుతుంది. వెళ్లాలనుకుంటే ముందు రోజు పొచ్చెర మానేసి, ఈ రోజు ఉదయం ఏడున్నరకే కదలండి.

ఘాట్ దిగి ఆసిఫాబాద్ వచ్చేసరికి కథ మళ్లీ మారుతుంది. నల్లరాయి పోయి ఇసుకరాయి వస్తుంది. రెబ్బెన, బెల్లంపల్లి వైపు బొగ్గు లారీలు ఎదురవుతాయి. ఈ బొగ్గు లావా కంటే చాలా పాతది, 25 కోట్ల ఏళ్లకు పైబడ్డ అడవులు పూడిపోయి తయారైంది. నలుపు చూసి రెండూ ఒకటే అనుకునే వాళ్లున్నారు. ఒకటి కాలిన నేల, ఇంకొకటి కాలబోయే చెట్టు. రాత్రికి మంచిర్యాలలో బస, చాలా లాడ్జీలు ఉన్నాయి.

సమయం లేని వాళ్లు ఉట్నూర్ నుంచి నేరుగా జన్నారం, లక్షెట్టిపేట మీదుగా తిరిగి రావచ్చు. అది కవ్వాల్ అడవి మధ్య దారి. రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలుంటాయి కాబట్టి చెక్‌పోస్టులో కనుక్కుని వెలుగుండగానే దాటండి. అడవిలో కారు ఆపి దిగడం, కోతులకు తిండి పెట్టడం వద్దు.

లోణార్ సంగతి

"నాలుగు రోజులు ఎలాగూ పోతున్నాం, లోణార్ కూడా చూసేద్దామా" అని చాలామంది అడుగుతారు. మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో, సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పున్న గుండ్రటి సరస్సు అది. దాన్ని అగ్నిపర్వతం నోరు అనుకుంటారు, కాదు. ఇదే దక్కన్ లావా మీద ఉల్క వచ్చి పడితే ఏర్పడ్డ గుంత. చూడాల్సిందే, కానీ ఈ ప్రయాణంతో కలపకండి. నిర్మల్ నుంచి భైంసా, నాందేడ్ మీదుగా పోవడానికే ఒక రోజు పోతుంది. దానికి వేరే చలికాలం పెట్టుకోండి.

నాలుగో రోజు: ఇంటికి

మంచిర్యాలలో టిఫిన్ చేసి గోదావరి వంతెన దాటి, గోదావరిఖని, పెద్దపల్లి, కరీంనగర్ మీదుగా మధ్యాహ్నానికి హనుమకొండ చేరొచ్చు. పెద్దపల్లి తర్వాత మళ్లీ గుండ్రటి బండలు కనిపించడం మొదలవుతుంది. పిల్లలు ఉంటే వాళ్లనే కనిపెట్టమనండి. మా మేనకోడలు మొన్నటి ట్రిప్‌లో మాకంటే ముందే చూసి, "మామా, మన రాయి వచ్చేసింది" అని అరిచింది.

ఇంటికి చేరిన సాయంత్రమే కారు కింది భాగం, చక్రాల లోపలి వైపు గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. ఆ రేగడి తడిగా ఉన్నప్పుడు జిగురులా పట్టుకుంటుంది, ఎండాక గడ్డకట్టి ఊడదు. చక్రం లోపల ఒకవైపే గడ్డ ఉండిపోతే బండి వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. అలైన్‌మెంట్ పోయిందనుకుని నేను ఒకసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, అతను చక్రం విప్పి కొబ్బరికాయంత నల్లమట్టి గడ్డ తీసి చూపించాడు. దాన్ని పారేయలేదు. మేడ మీద కుండీలో వేసి కంది గింజలు నాటాం, బాగానే కాసింది.